ఛాతీకి రేడియేషన్ తీసుకున్న మా చెల్లెలికి రొమ్ము పరీక్షలు ఇప్పుడే అవసరమా?

ప్రశ్న (గాజువాక నుంచి)

మా చెల్లెలికి 17 ఏళ్ల వయసులో హాడ్జ్‌కిన్ లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) వచ్చింది. కీమోథెరపీ అయ్యాక మెడకు, ఛాతీ మధ్య భాగానికి రేడియేషన్ ఇచ్చారు. ఇప్పుడు 29 ఏళ్లు, ఒక పాప ఉంది, ఆరోగ్యంగానే ఉంది. అయిదేళ్లు దాటాక ఇక రానక్కరలేదని అప్పటి ఆసుపత్రి వారు చెప్పారే తప్ప రొమ్ముల మాట ఎవరూ ఎత్తలేదు. మొన్న థైరాయిడ్ కోసం వెళితే అక్కడి డాక్టరమ్మగారు పాత చికిత్స సంగతి విని, మామోగ్రామ్, ఎంఆర్ఐ చేయించారా అని అడిగారు. మా వంశంలో ఎవరికీ రొమ్ము క్యాన్సర్ లేదు. ఒకసారి కరెంటు పెట్టించుకున్న ఒంటికి మళ్లీ ఎక్స్‌రేలు దేనికని అమ్మ భయపడుతోంది. ఏం చేయమంటారు?

జవాబు (రేడియోథెరపీ విభాగంలో పనిచేసి రిటైరైనవాడిని, సీతమ్మధార)

అమ్మా, ఆ డాక్టరమ్మగారు అడగవలసిన మాటే అడిగారు. 10 నుంచి 30 ఏళ్ల మధ్య, అంటే రొమ్ము కణజాలం ఇంకా ఎదుగుతున్న వయసులో, ఛాతీకి రేడియేషన్ పడితే రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుందనీ, అది సుమారు ఎనిమిదేళ్ల తరువాత మొదలై దశాబ్దాలపాటు కొనసాగుతుందనీ చాలాకాలంగా తెలిసిన విషయమే. పాత పద్ధతిలో ఛాతీ అంతటికీ రేడియేషన్ తీసుకున్న స్త్రీలలో, 50 ఏళ్లు వచ్చేసరికి ఈ ముప్పు, రొమ్ము క్యాన్సర్‌కు బాగా దారితీసే బీఆర్‌సీఏ1 అనే వంశపారంపర్య జన్యుదోషం ఉన్నవారి ముప్పుకు దగ్గరగా ఉంటుందని అమెరికాలో జరిగిన పరిశీలనలు చూపాయి. కాబట్టి వంశంలో లేదన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. అయితే మీ చెల్లెలి ముప్పు ఎంతన్నది ఎన్ని గ్రేల (గ్రే అంటే రేడియేషన్ కొలత) మోతాదు, ఎంత మేర పడిందన్న దానిపై ఆధారపడుతుంది. ఇటీవలి చికిత్సల్లో ఈ రెండూ బాగా తగ్గాయి.

ఏటా మామోగ్రామ్‌తోపాటు ఎంఆర్ఐ కూడా, 25 ఏళ్ల వయసు నుంచి గానీ, రేడియేషన్ అయిన ఎనిమిదేళ్ల నుంచి గానీ, ఏది ఆలస్యమైతే అప్పటి నుంచి చేయించాలన్నది అంతర్జాతీయ మార్గదర్శకం. మీ చెల్లెలి లెక్కలో రెండూ 25 దగ్గరే కలుస్తున్నాయి, కనుక ఇంకా వాయిదా వేయకండి. వయసులో ఉన్నవారి రొమ్ము దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో కొన్ని గడ్డలు కనబడవు. కొన్నిసార్లు క్యాన్సర్‌కు తొలి గుర్తయ్యే, ఎంఆర్ఐకి అందని సున్నపు చుక్కలు మామోగ్రామ్‌లో తెలుస్తాయి. అందుకే రెండూ అడుగుతారు. అమ్మగారికి చెప్పండి: ఎంఆర్ఐలో ఎక్స్‌రే అనేదే లేదు, మామోగ్రామ్‌లో పడేది అప్పటి చికిత్స మోతాదులో వేల వంతుల్లో ఒక వంతు.

జవాబు (ఎంవీపీ కాలనీ)

చెల్లీ, నేనూ చిన్న వయసులో ఇదే జబ్బుకు రేడియేషన్ తీసుకున్నదాన్ని. నలభై దాటాక మామోగ్రామ్‌లో చేతికి తగలని చిన్న గడ్డ కనిపించింది. ఒకసారి రేడియేషన్ పడిన చోట మళ్లీ ఇవ్వడం కష్టం కనుక, గడ్డ వరకే తీయకుండా రొమ్మంతా తీశారు. పాత కీమోలో గుండెకు భారమయ్యే డాక్సోరుబిసిన్ ఎంత ఎక్కిందో తెలిస్తేనే కొత్త మందు నిర్ణయిస్తామన్నారు. పాలిథిన్ కవరులో దాచిన డిశ్చార్జి కాగితం వెనుక వైపు చేతిరాతలో ఆ మోతాదు ఉండబట్టి సరిపోయింది. మీరు ముందుగా ఆ ఆసుపత్రి రికార్డుల విభాగానికి అర్జీ పెట్టి చికిత్స సారాంశం తీసుకోండి. దీన్ని మాత్రం అశ్రద్ధ చేయవద్దు.

జవాబు (అగనంపూడి)

ఏటా ఎంఆర్ఐ ఖర్చు అందరూ భరించగలిగేది కాదు. అంత డబ్బు సమకూరలేదని మామోగ్రామ్ కూడా మానేయడం సరికాదు. మా ఊళ్లోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో గానీ, విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో గానీ పాత కాగితాలు చూపించి, మీ చెల్లెలికి ఏది ఎప్పుడు అవసరమో రాయించుకోండి. పాపకు ఇంకా పాలిస్తుంటే ఆ సంగతి ముందే చెప్పాలి. దానివల్ల పరీక్ష ఆగదు, పాలు పట్టాక చేయించుకోమంటారు.