టరాంటులా వెల్లకిలా పడి ఉంది, చనిపోయిందా?

మియాపూర్ నుంచి ప్రశ్న:
అన్నలూ, అర్జెంట్. నా దగ్గర మెక్సికన్ రెడ్‌నీ టరాంటులా (పెంచుకునే పెద్ద సాలీడు) ఉంది, ఇంకా పూర్తిగా ఎదగలేదు. కొన్ని వారాలుగా తిండి ముట్టట్లేదు. పొద్దున చూస్తే వెల్లకిలా పడి ఉంది, కాళ్ళు పైకి. రాత్రి వేసిన క్రికెట్ పురుగు డబ్బాలో ఇంకా తిరుగుతోంది. అమ్మేమో "పోయింది, తీసి పారెయ్" అంటోంది. తిప్పి చూడనా?

తార్నాక నుంచి జవాబు:
అస్సలు ముట్టుకోవద్దు తమ్ముడూ! అది కుబుసం విడుస్తోంది. చనిపోయే సాలీడు మామూలుగా వెల్లకిలా పడదు. బోర్లానే ఉండి కాళ్ళు పొట్ట కిందికి ముడుచుకుంటుంది. సాలీళ్ళు కాళ్ళు చాపేది ప్రధానంగా ఒంట్లోని ద్రవం ఒత్తిడితో. ప్రాణం పోతే ఆ ఒత్తిడి తగ్గి కాళ్ళు లోపలికి ముడుచుకుపోతాయి. తిండి మానేయడం కుబుసానికి ముందు మామూలే. పొట్ట మీద వెంట్రుకలు రాలిన చోట చర్మం నల్లబడి ఉంటే ఇక అనుమానమే లేదు.

ముందు ఆ క్రికెట్‌ని తీసెయ్. ఈ టైమ్‌లో సాలీడు ఒళ్ళు మెత్తగా ఉంటుంది, కోరలూ పనిచేయవు. ఆకలేస్తే క్రికెట్టే దాన్ని కొరికేస్తుంది. పొడవాటి పట్టకారుతో, డబ్బా కదలకుండా తియ్యి. నీళ్ళ గిన్నె నిండుగా ఉంచు, సాలీడు మీద మాత్రం స్ప్రే చేయకు. గంటలో అయిపోవచ్చు, చాలా గంటలు పట్టినా పట్టొచ్చు. మధ్యలో సాయం చేద్దామని లాగితే కాలు ఊడి వస్తుంది.

మియాపూర్:
హమ్మయ్య, క్రికెట్ తీసేశాను అన్నా. మళ్ళీ తిండి ఎప్పుడు పెట్టాలి? ఇంకో టెన్షన్, ఈ వారంలో మా అపార్ట్‌మెంట్‌లో పెస్ట్ కంట్రోల్ వాళ్ళు వస్తున్నారు.

తార్నాక:
కోరల రంగు చూసి పెట్టు. కుబుసం విడిచిన కొత్తలో తెల్లగా ఉంటాయి, తర్వాత ఎర్రబడి చివరికి నల్లగా గట్టిపడతాయి. ఎదిగేదానికి వారం, పది రోజులు ఆగాలి, పెద్దదైతే ఇంకా ఎక్కువే. నల్లబడకుండా తిండి పెట్టొద్దు.

అసలు భయపడాల్సింది పెస్ట్ కంట్రోల్ గురించే. బొద్దింకల్ని చంపే మందు సాలీడునీ చంపుతుంది. మీ ఫ్లాట్ వరకు వాయిదా వేయించు. కుదరకపోతే, ఒళ్ళు గట్టిపడ్డాక బంధువుల ఇంటికి తరలించి, ఇల్లు బాగా గాలి ఆడాక తెచ్చుకో. దోమల కాయిల్, ప్లగ్‌లో పెట్టే లిక్విడ్ కూడా ఆ గదిలో వద్దు. వాటిలో ఉండేవి పైరెత్రాయిడ్ రసాయనాలు, దోమకైనా సాలీడుకైనా విషమే. దోమతెర కట్టుకో. ఇంట్లో దొరికిన బొద్దింకని పట్టి వేయడమూ వద్దు, అది ఎక్కడ ఏ మందు తిని వచ్చిందో!

అల్వాల్ నుంచి:
డబ్బా ఎత్తు కూడా చూసుకోండి. రెడ్‌నీ నేల మీద ఉండే జాతి, బరువైన పొట్ట. పైనుంచి పడితే పొట్ట పగిలి చచ్చిపోతుంది. కోకోపీట్ మందంగా వేసి, మూతకీ నేలకీ మధ్య దూరం దాని కాళ్ళ చాపుకి ఒకటిన్నర రెట్లు మించకుండా చూడండి. నర్సరీలో దొరికే కోకోపీట్ చాలు, ఎరువు కలపనిది అడిగి తీసుకోండి. మే నెలలో కిటికీ పక్కన, ఎండ తగిలే చోట పెట్టకండి. మనకు చల్లగా ఉన్న గది దానికీ సరిపోతుంది, హీటర్ గోల మన ఊళ్ళో అక్కర్లేదు.

మియాపూర్:
థాంక్స్ అండీ. గుత్తి నీలం టరాంటులా ఒకటి అమ్ముతానని ఒకాయన మెసేజ్ పెట్టాడు. తీసుకోవచ్చా?

అల్వాల్:
వద్దే వద్దు. 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన సాలీడుతో వర్ణించిన జాతి అది. చాలా ఏళ్ళు కనిపించకుండా పోయి, 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ దొరికింది. అంతరించే జీవుల జాబితా తయారుచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ లెక్కలో తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉంది. ప్రపంచంలో ఇంకెక్కడా లేని మన జీవి, అడవి నుంచి పట్టుకొచ్చి అమ్మేవాళ్ళకి డబ్బులిచ్చి ప్రోత్సహించడం నాకైతే నచ్చదు. పైగా మెరుపులా పరిగెడుతుంది, కరిస్తే కండరాలు పట్టేసి రోజుల తరబడి బాధపడతారు. ఇక మీ రెడ్‌నీ సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్న విదేశీ జీవి. కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేశారా? 2024 నిబంధనల ప్రకారం చేయాలి.

మియాపూర్:
ఇవాళే చూస్తాను. అన్నట్టు, కుబుసం పూర్తిగా వదిలేసింది! ఆ తోలు పారేయనా?

తార్నాక:
పారెయ్యకు, పట్టకారుతో తియ్యి. దాని మీద దురద వెంట్రుకలు ఉంటాయి, ఆ చేత్తో కళ్ళు నలుపుకోకు. చేతికి అంటుకుంటే సెల్లోటేప్‌తో అద్ది తీసెయ్. కంట్లో పడితే మాత్రం నలపకుండా నీళ్ళతో కడుక్కుని కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. తోలు ఆరిపోకముందే గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పొట్ట భాగాన్ని మెల్లగా విప్పి లోపలివైపు ఫోటో తీసి ఇక్కడ పెట్టు. ముందున్న రెండు పుస్తకాకార ఊపిరితిత్తుల మధ్య చూస్తే ఆడా మగా చెప్పొచ్చు. ఆడదైతే 20 ఏళ్ళకు పైనే బతుకుతుంది, అమ్మగారికి ఆ సంగతి నెమ్మదిగా చెప్పు.