మందుల కాగితంలో ‘నోరూరుతుంది’ అనొచ్చా?

చిక్కడపల్లి సభ్యురాలు: తల, మెడ భాగాల్లో క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకుని నోరెండిపోయినవాళ్లకి పైలోకార్పిన్ మాత్రలిస్తారు. వాటి కాగితం తెలుగులో రాస్తున్నాను. “లాలాజల స్రావము అధికమగును” అంటే మా అమ్మకే అర్థం కాలేదు. “నోరూరుతుంది” అనొచ్చా?

మలక్‌పేట మాస్టారు: వద్దమ్మా. అది కొత్తావకాయ జాడీ మూత తీసినప్పటి మాట. మందు వేసుకుంటే నోరూరుతుందంటే ఇంకో మాత్ర అడుగుతారు! ‘చొంగ’ పసిపిల్లలకు సరి. “నోరు తడిగా ఉంటుంది” చాలు. మోతాదు మించితే “నోట్లో నీళ్లు ఊరుతుంటాయి”. వాంతికి ముందు ఊరేవీ అవే కాబట్టి ఆ తేడా జనానికి తెలుసు.

మెహదీపట్నం డాక్టరు: మాస్టారు గారి మాటే నాదీనండి. కానీ విషయం నోటితో ఆగదు. నరాల చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై గ్రంథులకు, కండరాలకు కబురందిస్తుంది. ఈ మాత్ర ఆ పనే చేస్తుంది. అందుకే కన్నీళ్లు, కడుపులో మెలి, మాటిమాటికీ మూత్రం రావచ్చు. ఉబ్బసం ఉంటే ఆయాసం పెరగొచ్చు. అందరికంటే ఎక్కువమంది చెప్పేది చెమట. రాత్రిపూట చూపు మసకబారొచ్చు, బండి నడిపేవాళ్లుంటారు, అది తప్పక రాయండి. ఇదే మందు నీటికాసులకు (గ్లాకోమా) చుక్కలుగా వేస్తే కంటిపాప సూదిమొనంత అవుతుంది.

ఉప్పల్ సభ్యుడు: “ముచ్చెమటలు పోస్తాయి” అనొచ్చా డాక్టరు గారూ? భయంలో నోరెండిపోతుంది కదా, ఇక్కడేమో నోరు తడి!

మెహదీపట్నం డాక్టరు: భలే పట్టారు. భయంలో చెమట పట్టించేది ఒంటిని ఆపదకు సిద్ధం చేసే సింపథెటిక్ నరాలే, కానీ చెమట గ్రంథుల దగ్గర వాటి చివర విడుదలయ్యేదీ ఎసిటైల్‌కోలినే. అందుకే ఆ రసాయనాన్ని అడ్డుకునే అట్రోపిన్ మందు ఇస్తే నోరూ ఎండుతుంది, చెమటా ఆగుతుంది. ఉమ్మెత్త తిన్నవాళ్లకూ అంతే, కంటిపాప పెద్దదై ఒళ్లు కాలిపోతుంటుంది. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుల మందు తాగి క్యాజువాలిటీకి వచ్చినవాళ్లది దీనికి పూర్తి వ్యతిరేకం: నోట్లో నురగ, ఒళ్లంతా చెమట, ఛాతీలో గురగుర. వాళ్లకు అట్రోపిన్ ఎక్కిస్తాం.

మలక్‌పేట మాస్టారు: అయితే ‘ముచ్చెమటలు’ కొట్టేయండి. చదివినవాడికి టెన్షన్ పట్టుకుంటుంది. ‘చెమట ఎక్కువ పడుతుంది, నీళ్లు బాగా తాగండి’ అనండి.

చిక్కడపల్లి సభ్యురాలు: అలాగేనండి. “కంటిపాప”కి మా ఇంట్లో “నల్లగుడ్డు” అంటారు, దాన్ని రేపు అడుగుతా.