ముల్లంగి రెండు వారాలు వడలకుండా ఉండాలంటే ఎలా పెట్టాలి?

పెరటిగుమ్మం:
రైతుబజారులో తెల్ల ముల్లంగి ఆకుతో సహా రెండు కిలోలు తెచ్చాను. శుభ్రంగా కడిగి, కవర్లో మూటకట్టి ఫ్రిజ్‌లో పెడితే నాలుగో రోజుకే దుంపలు వేలితో వంచితే వంగుతున్నాయి. ఆకు పసుపెక్కింది, కవరు అడుగున నీళ్లు చేరాయి, ఒకదానికి నెత్తి మీద జిగురు. ఇంకొకటి పైకి బాగానే ఉంది గానీ కోస్తే లోపలంతా బెండు. బజారుకు వెళ్లడం పదిహేను రోజులకోసారే కుదురుతుంది. తప్పు ఎక్కడ జరుగుతోంది?

కూరలబుట్ట:
ఇవి మూడు వేర్వేరు తంటాలండి.

దుంప వంగడానికి కారణం ఆకు. పీకిన తర్వాత కూడా ఆకులోంచి నీరు ఆవిరవుతూనే ఉంటుంది, ఆ నీటిని దుంపలోంచే లాగుతుంది. అందుకే ఇంటికి రాగానే ఆకు కోసెయ్యాలి. అర అంగుళం కాడ ఉంచండి, కత్తి దుంపకు తగలకూడదు. తోక వేరు కూడా అలాగే ఉంచండి. తోలు తెగిన చోటే కుళ్లు పడుతుంది.

జిగురు మాత్రం కడగడం వల్ల వచ్చింది. కాడల మొదళ్ల సందుల్లో నీరు నిలిచిపోతుంది, గాలాడని కవర్లో అది ఆరదు. మట్టి ఉంటే పొడిబట్టతో తుడిచి ఊరుకోండి, కడగడం వండే ముందు చాలు. ఇప్పటికే కడిగేస్తే ఫ్యాను కింద గంటసేపు ఆరబెట్టండి.

తర్వాత నూలుబట్ట తడిపి, చుక్క రాలనంతగా పిండి, దుంపలకు వదులుగా చుట్టి, ఏడెనిమిది చిల్లులు పొడిచిన కవర్లో వేసి కూరగాయల అరలో పెట్టండి. మూడు రోజులకోసారి తీసి చూడాలి. బట్ట ఎండితే మళ్లీ తడపాలి, కవరుకు లోపల నీటిబొట్లు కనిపిస్తే మూతి కాసేపు తెరిచి ఉంచాలి. పొడుగు తెల్లదుంప ఇలా రెండు వారాలు ఆగుతుంది. చిన్న ఎర్ర ముల్లంగికి మాత్రం వారం, పది రోజులే అనుకోండి.

నల్లరేగడి:
బెండు మీ ఫ్రిజ్ తప్పు కాదు, అది చేలోనే మొదలవుతుంది. పీకాల్సిన అదను దాటినా, ఎండలు ముదిరినా దుంప లోపల కణాలు ఎండి గుల్లబారతాయి. పూసా చేతకి లాంటి త్వరగా వచ్చే రకాలను విత్తిన 40–50 రోజుల్లో పీకెయ్యాలి. బెండు పట్టిన దుంపను ఎంత బాగా దాచినా లాభం లేదు.

కొనేటప్పుడే చూసుకోండి. సైజుకు తగ్గ బరువు ఉండాలి. ఇంకో గుర్తు ఉంది: బయటివైపు ఆకు కాడను దుంప దగ్గర అడ్డంగా విరిచి చూడండి. కాడ లోపల నీరుగా, ఆకుపచ్చగా ఉంటే మంచి దుంప. తెల్లగా దూదిలా, గుల్లగా ఉంటే దుంప లోపలా అదే. ఆకు కోసేసి అమ్మే దుంపకు ఈ పరీక్ష కుదరదు, అందుకే ఆకుతో ఉన్నదే తీసుకోమంటాను.

పెరటిగుమ్మం:
చాలా థ్యాంక్సండి. మరి కోసిన ఆకు? వడలిన దుంపలు పారెయ్యడమేనా?

వంటపీట:
పారెయ్యకండి. జిగురు, చెడ్డ వాసన లేకుండా ఊరికే మెత్తబడితే అది నీరు తగ్గడమే. రెండు చివర్లూ కోసి ఐసునీళ్లలో అరగంట నుంచి గంట ఉంచితే మళ్లీ కరకరలాడతాయి. ఆ రోజే వాడెయ్యాలి. జిగురు పట్టినదాన్ని మాత్రం మంచివాటితో కలిపి ఉంచొద్దు, మిగతావాటికీ అంటుకుంటుంది.

ఆకు రెండు మూడు రోజులే ఆగుతుంది. పండిన ఆకులు ఏరేసి, పొడిబట్టలో చుట్టి వేరే కవర్లో పెట్టండి, ముందు పప్పులోకి అదే వాడండి.

ఒక జాగ్రత్త కూరలబుట్టగారు చెప్పలేదు. దుంపలు ఫ్రిజ్ వెనక గోడకు తగలకూడదు. అక్కడ గడ్డకట్టి, కరిగాక గాజులా నీటిమచ్చలు పడి చప్పబడిపోతాయి. పచ్చిదుంపను ఫ్రీజర్లో పెట్టినా ఇంతే, తినేటప్పుడు కరకర ఉండదు. సాంబారుకు తరిగిన ముక్కలైతే మూత బిగుతుగా పట్టే డబ్బాలో రెండు రోజులు. కోయగానే ఘాటు వాసన బయటికొస్తుంది, మూత వదులైతే పక్కనున్న పాలకూ పెరుగుకూ పడుతుంది.

నల్లరేగడి:
ఫ్రిజ్‌లో చోటు లేకపోతే బకెట్లో ఇసుక పోసి, పిడికిట పట్టి వదిలితే ముద్ద నిలిచేంత తడి చేసి, ఆకు కోసిన దుంపల్ని ఒకదానికొకటి తగలకుండా పూడ్చి నీడన పెట్టండి. చలికాలంలో ఆరేడు రోజులు నిక్షేపంగా ఉంటాయి. మే నెలలో ఈ పని చెయ్యకండి, ఆ వేడికి ఇసుకలోనే చిగుళ్లు వేసి దుంప సారమంతా లాగేస్తాయి.