సంతానం కోసం ప్రయత్నిస్తున్నవారికి విటమిన్ డి ఎంతవరకు తోడ్పడుతుంది?

నేరేడు:
పరీక్ష చేయించుకుంటే విటమిన్ డి నాకు మిల్లీలీటరుకు 14 నానోగ్రాములు, మా వారికి 17 ఉన్నట్లు తేలింది. సంతానం కలగకపోవడానికి ఈ లోపమే కారణమని, వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల మాత్ర వేసుకుంటే ఫలితం ఉంటుందని మాకు చెప్పారు. మాత్రలంటే నాకు విముఖత లేదు. అయితే ఈ మాటకు ఆధారమెంత, ఆహారంతోనే లోపాన్ని సరిదిద్దుకోవచ్చా అన్నది తెలిసినవారు వివరించగలరని మనవి.

వేపచెట్టు:
ఆధారం గట్టిదేనని నా అభిప్రాయం. విటమిన్ డిని అందుకునే గ్రాహకాలు (రిసెప్టర్లు) అండాశయంలో, గర్భాశయపు లోపలి పొరలో, మాయ (ప్లాసెంటా)లో, వృషణాలలో, వీర్యకణాలలో కూడా ఉన్నాయి. పని లేనిచోట అవి ఎందుకుంటాయి? ఐవీఎఫ్ (శరీరం వెలుపల అండాన్ని ఫలదీకరించే పద్ధతి) వంటి చికిత్సలు పొందిన సుమారు 2,700 మంది స్త్రీలకు సంబంధించిన 11 అధ్యయనాలను 2018లో కలిపి విశ్లేషించినప్పుడు, విటమిన్ డి తగినంత ఉన్నవారిలో బిడ్డ పుట్టిన సందర్భాలు ఎక్కువగా కనిపించాయి. అదే ఏడాది అమెరికాలో, అంతకుముందు గర్భస్రావమైన స్త్రీలపై వెలువడిన పరిశీలనలోనూ, గర్భధారణకు ముందే 30 నానోగ్రాములు, ఆపైన ఉన్నవారికి ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి.

కృష్ణాతీరం:
వేపచెట్టు గారు చెప్పిన అంకెలతో నాకు పేచీ లేదు, వాటి నుంచి తీసిన నిర్ణయంతోనే ఉంది. ఇవన్నీ విటమిన్ డి తగినంత ఉన్నవారిని, లేనివారిని పోల్చిన పరిశీలనలు. అధిక బరువు ఉన్నవారిలో విటమిన్ డి తక్కువగా ఉంటుంది, గర్భధారణకు ఆటంకాలూ ఎక్కువే. పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉన్నవారి సంగతీ దాదాపు అంతే. అటువంటప్పుడు తక్కువ విటమిన్ డి కారణమో, మరో కారణానికి గుర్తు మాత్రమేనో పరిశీలన ఒక్కటే తేల్చలేదు. తేల్చాలంటే కొందరికి మందు, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చి చూడాలి. ఇటలీలో ఆ పని చేశారు. ఐవీఎఫ్‌కు సిద్ధమవుతున్న, విటమిన్ డి 10 నుంచి 30 నానోగ్రాముల మధ్య ఉన్న 630 మంది స్త్రీలలో సగం మందికి ఒకే మోతాదుగా 6,00,000 యూనిట్లు ఇచ్చారు. 2021లో వెలువడిన ఫలితం ప్రకారం గర్భం దాల్చినవారు మందు తీసుకున్న వర్గంలో 37 శాతం, తీసుకోని వర్గంలో 40 శాతం. అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. డెన్మార్క్‌లో సంతానలేమితో బాధపడుతూ విటమిన్ డి తక్కువగా ఉన్న పురుషులకు క్యాల్షియంతో కలిపి ఇచ్చి చూసినా వీర్య నాణ్యత మెరుగుపడలేదు.

గ్రాహకాల వాదానికి కూడా ఒక జవాబుంది. ఆ గ్రాహకమే లేకుండా పుట్టించిన ఎలుకల్లో సంతానశక్తి దెబ్బతిన్న మాట నిజమే, కాని వాటికి క్యాల్షియం ఎక్కువగా ఉన్న మేత పెట్టినప్పుడు అవి పిల్లల్ని కన్నాయి. అంటే అక్కడ అసలు కొరత క్యాల్షియందే కావచ్చు.

వేపచెట్టు:
డెన్మార్క్ అధ్యయనంలో వీర్యకణాల సంఖ్య తక్కువగా ఉన్నవారిని విడిగా చూస్తే బిడ్డలు కలిగిన అవకాశం పెరిగిందన్న సంగతిని మీరు వదిలేశారు. అదీగాక ఇటలీలో ఇచ్చినది ఒక్కసారిగా వేసిన భారీ మోతాదు. రోజూ కొద్దికొద్దిగా తీసుకున్నదానితో దాన్ని సమానం చేయలేము.

కృష్ణాతీరం:
మోతాదు విషయంలో మీ ఆక్షేపణ న్యాయమైనదే, ఒప్పుకుంటాను. చిన్న వర్గంలో కనిపించిన ఆ ఫలితం మాత్రం మరో అధ్యయనంలో నిలబడితే తప్ప నేను దానిమీద భారం వేయను.

తార్నాక వాసి:
నేరేడు గారు అడిగిన ఆహారం సంగతిని ఎవరూ ముట్టుకోలేదు. మా పేటలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020 సిఫారసుల ప్రకారం ఎండ సరిగా తగలని పెద్దవారికి రోజుకు 600 యూనిట్లు కావాలి. ఒక గుడ్డు పచ్చసొనలో ఉండేది దాదాపు 40 యూనిట్లు. విటమిన్ కలిపిన పాలలో లీటరుకు 200 నుంచి 300 ఉండాలన్నది నిబంధన; ప్యాకెట్ మీద ‘ప్లస్ ఎఫ్’ గుర్తు చూసి కొనండి, మామూలు పాలలో అది నామమాత్రమే. పుట్టగొడుగులు అతినీలలోహిత కాంతి తగిలినవైతేనే లెక్కలోకి వస్తాయి. కొవ్వు ఎక్కువగా ఉండే సముద్రపు చేపలను వారంలో రెండు మూడుసార్లు తినేవారిని మినహాయిస్తే, పప్పు, కూర, పెరుగుతో సాగే మన భోజనంతో 14ను 30కి తేవడం సాధ్యమయ్యే పని కాదు.

ఇక ఎండ. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనం, అంత ఎండ కాసే ప్రాంతంలో ఆరోగ్యవంతులైనవారిలో కూడా ఈ లోపం విస్తారంగా ఉందని చూపింది. పల్లెవాసుల స్థితి పట్నవాసులకంటే నయమే అయినా, ఇరువురి భోజనంలోనూ క్యాల్షియం తక్కువ, దాన్ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు (ధాన్యాలు, పప్పుల్లో ఉండే పదార్థాలు) ఎక్కువ. కృష్ణాతీరం గారి ఎలుకల ప్రస్తావన నాకు ఇక్కడే ముఖ్యమనిపిస్తుంది: మాత్ర ఒక్కటీ మింగి, పాలు, పెరుగు, రాగులు, నువ్వుల సంగతి మరిస్తే సగం పనే అవుతుంది. కిటికీ అద్దం వెనక కూర్చున్న ఎండ లెక్కకు రాదు, కావలసిన కిరణాలను అద్దం ఆపేస్తుంది.

కృష్ణాతీరం:
14 అయినా 17 అయినా లోపమే కనుక, ఎముకల కోసమూ రాబోయే గర్భం కోసమూ వైద్యులు రాసినన్ని వారాలు మాత్ర వేసుకోవడమే మంచిది. గడువు దాటాక సొంతంగా కొనసాగించవద్దు. రక్తంలో క్యాల్షియం పెరిగి మూత్రపిండాలకు చేటు చేస్తుంది. నాకున్న అభ్యంతరమల్లా, ఒక్క లోపం దొరికింది కదా అని మిగతా వెతుకులాట ఆపేయడం మీదే. మీ వారి వీర్యపరీక్ష, మీ థైరాయిడ్, అండం విడుదల, ఫెలోపియన్ నాళాల (అండాన్ని గర్భాశయానికి చేర్చే గొట్టాల) పరీక్ష జరిగాయా?

నేరేడు:
వీర్యపరీక్ష, థైరాయిడ్ పరీక్ష అయ్యాయి, రెండూ మామూలుగానే ఉన్నాయి. నాళాల పరీక్ష గురించి ఇంతవరకు ఎవరూ ప్రస్తావించలేదు. మాత్రలు మొదలుపెడుతూనే, ఈసారి వెళ్ళినప్పుడు దాని గురించి అడుగుతాము.