పజిల్ ఆటల్లో తత్వం: ఆటలోనే ఉందా, పైన పూసిన రంగా?

ఖాళీగది:
'ది టాలోస్ ప్రిన్సిపుల్' అనే పజిల్ ఆట గురించి ఎక్కడ చూసినా ఎంత లోతైన ఆటో అంటున్నారు. పజిల్స్ అద్భుతం, కాదనను. జామర్ అనే, యంత్రాలను పనిచేయకుండా ఆపే పరికరంతో గేటు తెరవడం, లేజర్ కిరణాన్ని మలుపులు తిప్పి తీసుకెళ్లడం, ఇదంతా శుద్ధమైన తర్కం. తత్వం మాత్రం కంప్యూటర్ టెర్మినల్స్‌లో చదువుకోవాల్సిన వ్యాసాల్లో ఉంది. వాటన్నిటినీ తీసేసినా ఒక్క పజిల్ కూడా మారదు. అసలు ఈ ఆట చేసిన క్రోటీమ్ వాళ్లు 'సీరియస్ సామ్' అనే తుపాకుల ఆట కోసం చేసిన ప్రయోగాల్లోంచే ఈ పజిల్స్ పుట్టాయి, కథ రాసేవాళ్లు తర్వాత వచ్చారు. మరి దీన్ని తాత్విక ఆట అని ఎందుకనాలి?

లేజర్‌గీత:
పజిల్ ముందు పుట్టింది నిజమే, అయితే ఏంటి? ఆడేవాళ్ల చేతికొచ్చేసరికి రెండూ కలిశాయా లేదా చూడాలి. (కథ గుట్టు చెప్పేస్తున్నా, ఆడనివాళ్లు ఈ థ్రెడ్ ఇక్కడితో ఆపేయండి.) ఆటలో మనం ఒక యంత్రం, తిరిగే ఆ శిథిలాలూ తోటలూ అన్నీ ఒక సిమ్యులేషన్, అంటే కంప్యూటర్ సృష్టించిన లోకం. మనుషులు అంతరించిపోతూ, తమ తర్వాత ఆలోచించగల బుద్ధి ఒకటి మిగలాలని దాన్ని నడిపించారు. పజిల్ విప్పడం ఆ పరీక్షలో సగమే. దేవుడిలా పైనుంచి మాట్లాడే ఎలోహిమ్ గొంతు అక్కడున్న ఒక గోపురం జోలికి వెళ్లొద్దని చెబుతూనే ఉంటుంది, ఆ మాట కాదని పైకి ఎక్కితేనే మిగతా సగం పూర్తవుతుంది. చెప్పిందల్లా వినేది మంచి యంత్రం కావచ్చు, మనిషికి వారసురాలు మాత్రం కాలేదు. ఈ మాట మీకు టెర్మినల్ చెప్పక్కర్లేదు, ఎక్కేది మీరే కాబట్టి.

ఖాళీగది:
గోపురం సంగతి ఒప్పుకుంటా. మరి టెర్మినల్స్‌లో మనతో వాదించే ప్రోగ్రామ్ మిల్టన్? స్పృహ అంటే ఏంటి, మనిషి అంటే ఎవరు అని అడుగుతాడు, నాలుగైదు జవాబులిచ్చి వాటిలోంచే ఎంచుకోమంటాడు, నేను అనుకునేది అందులో ఉండదు, ఏదో ఒకటి నొక్కితే నీ మాటల్లో పొంతన లేదని పట్టుకుంటాడు. అది చర్చ కాదు, నా నోట్లో మాట పెట్టి నన్నే ఓడించడం.

నక్షత్రశాల:
మిల్టన్ విషయంలో మీతోనే ఉన్నా. అందుకే నాకు 2019లో వచ్చిన 'ఔటర్ వైల్డ్స్' అనే అంతరిక్ష అన్వేషణ ఆట ఎక్కువ ఇష్టం. 22 నిమిషాలకోసారి సూర్యుడు పేలిపోతాడు, మళ్లీ మొదటికొస్తాం. కొత్త ఆయుధాలు రావు, శక్తులు పెరగవు, మిగిలేది మనం తెలుసుకున్నది మాత్రమే. చివరికి చేరే దారి మొదటి నుంచీ తెరిచే ఉంటుంది, అది దారి అని మనకు తెలియదంతే. జ్ఞానం గురించి ఏ టెర్మినలూ ఇంత సూటిగా చెప్పలేదు.

లేజర్‌గీత:
ఖాళీగది గారూ, మీ ప్రశ్నకు అసలైన జవాబు 2013 నాటి 'ది స్వాపర్' అనే పజిల్ ఆట. అక్కడ టెర్మినల్స్ తీసేసినా తత్వం పోదు. చేతిలో ఉన్న పరికరంతో మీలాంటి నకళ్లను సృష్టించి, వాటిలోకి మారిపోవచ్చు. ఎత్తైన చోటికి చేరాలంటే పైన నకలును నిలబెట్టి అందులోకి దూకుతారు, వదిలేసిన ఒళ్లు కిందపడి చస్తుంది. అది మీరా, కాదా? ఆ ప్రశ్న తేలకుండానే పజిల్ మాత్రం విప్పేస్తుంటారు.

ఖాళీగది:
మొదట్లో ఒళ్లు జలదరించిన మాట నిజమే. కొన్ని గదులయ్యాక ఆ నకళ్లు నాకు పావుల్లా అయిపోయాయి, పడితే పడనీ అనిపించింది. అలవాటు పడ్డమే ఆట ఉద్దేశం అంటారేమో, మరి తుపాకుల ఆటల్లోనూ చంపడం అలవాటైపోతుంది, వాటినీ తాత్వికం అనాలా?

లేజర్‌గీత:
తుపాకుల ఆటలు చాలావరకు ఆ లెక్క తిరిగి అడగవు, ఇది అడుగుతుంది. చివర్లో రక్షించడానికి వచ్చినవాళ్లు మిమ్మల్ని తమ అంతరిక్ష నౌకలోకి ఎక్కించుకోరు. వాళ్లలో ఒకరు ఎదురుగా నిలబడి ఉంటారు, పరికరం మీ చేతిలోనే ఉంటుంది. ఆటంతా ఏ మీట నొక్కుతూ వచ్చారో అదే నొక్కితే ఆ మనిషి ఒంట్లోకి వెళ్లి బయటపడొచ్చు, ఈసారి ఎదురుగా ఉన్నది మీ నకలు కాదు. మీరు నొక్కారా?