ఎజ్డీ బైక్ తెల్లపొగ ఆగట్లేదు, క్రాంక్ సీలు మార్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

అన్నలూ, నమస్తే. మాది రాయగడ. డిప్లొమా మెకానికల్ ఆఖరి ఏడాది ప్రాజెక్టుకి నలుగురం కలిసి మా తాతయ్యగారి 1982 ఎజ్డీ రోడ్‌కింగ్‌ని బాగుచేస్తున్నాం. ఏళ్ళ తరబడి కట్టెల కొట్టంలో పడుంది. సైలెన్సర్ విప్పితే లోపల ఎలుక గూడు, వరిగడ్డితో సహా.

ఇప్పుడు స్టార్టవుతోంది. కిక్ రాడ్డే గేర్ రాడ్డు కూడా అని తెలిసి క్లాసంతా వంతులేసుకుని కొట్టి చూశారు.

అసలు గొడవ తెల్లపొగ. రింగులు అరిగాయని ఇక్కడొక మెకానిక్ చెబితే బోరు చేయించి కొత్త పిస్టన్ వేశాం. డబ్బులు పోయాయి, పొగ పోలేదు. పది నిమిషాలు నడిస్తే ప్లగ్గు నూనెలో ముంచి తీసినట్టు వస్తోంది. పైగా గేర్‌బాక్స్‌లో ఆయిల్ తగ్గిపోతోంది, కిందేమో చుక్క కూడా కారట్లేదు. టూ స్ట్రోక్ కదా, క్లచ్ వైపు క్రాంక్ సీలు (గేర్‌బాక్స్ ఆయిల్ ఇంజన్‌లోకి రాకుండా క్రాంక్ షాఫ్ట్ చుట్టూ ఉండే రబ్బరు రింగు) పోయి ఆ ఆయిల్‌ని ఇంజనే పీల్చుకుంటోందని నా అనుమానం.

ఇంజన్ రెండు ముక్కలుగా విప్పకుండా, క్లచ్ వైపు నుంచే ఆ సీలు మార్చొచ్చా? ఈ బైకులు తయారుచేసిన మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది కాబట్టి కొలత చెప్పి కొనాల్సిందే. విజయనగరంలో గానీ విశాఖలో గానీ మంచి సీలు ఎక్కడ దొరుకుతుంది?

ఇంకోటి. ఆర్సీ గడువు ఎప్పుడో అయిపోయింది. 50 ఏళ్ళు నిండలేదు కనుక పాతకాలపు బండ్ల రిజిస్ట్రేషన్‌కి పెట్టిన 2021 వింటేజ్ రూల్స్ వర్తించవు. మామూలు రెన్యువల్ చేయించినవాళ్ళు ఉంటే ఆర్టీవో దగ్గర ఏమేం అడిగారో చెప్పండి. తాతయ్య రోజూ సాయంత్రం వచ్చి ట్యాంకు తుడిచి వెళ్తున్నారు, మాకు అదో టెన్షన్.