పేజ్‌మేకర్, అను ఫాంట్లు: విండోస్ 11లోనూ నడపాలా, యూనికోడ్‌కి మారిపోవాలా?

కంపోజర్77:
విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ప్రెస్సుల్లో ఇంకా పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7, తెలుగు టైపింగుకి, ఫాంట్లకి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ల మీదే పుస్తకాలు కంపోజ్ అవుతున్నాయి. కొత్త మెషిన్‌లోనూ వాటినే నడపాలి, ప్రతి అక్షరానికీ ఎక్కడైనా ఒకే కోడ్ ఉండే యూనికోడ్‌కి ఇప్పుడే మారొద్దంటాను. 'యాపిల్' అనే తెలుగు కీబోర్డు లేఅవుట్ అలవాటైన ఆపరేటర్‌ని ఒక్కసారిగా యూనికోడ్‌తో వచ్చే ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌కి మారమంటే పని సగానికి పడిపోతుంది.

పేజ్‌మేకర్‌ని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో వేయొద్దు. అది తన ఫోల్డర్‌లోనే సెట్టింగులు రాసుకోవాలని చూస్తుంది, విండోస్ రాయనివ్వదు. సీ డ్రైవ్‌లో విడిగా పీఎం7 అని ఫోల్డర్ పెట్టి అందులో ఇన్‌స్టాల్ చేయండి. ప్రాపర్టీస్, కంపాటిబిలిటీలో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 ఎంచుకోండి. అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేస్తే సరి.

ఎక్స్‌పీ_డబ్బా:
ఆ చివరి మాటే కొంప ముంచేది, కంపోజర్ గారూ. పేజ్‌మేకర్ అడ్మిన్‌గా, అను కీబోర్డు ప్రోగ్రామ్ మామూలుగా నడుస్తుంటే, కింది స్థాయి ప్రోగ్రామ్ పై స్థాయి కిటికీలోకి చొరబడకుండా విండోస్ అడ్డుకుంటుంది. నోట్‌ప్యాడ్‌లో కీబోర్డు పనిచేస్తుంది, పేజ్‌మేకర్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాలే పడతాయి. జనం ఫాంటు పాడైందనుకుని మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. అడ్మిన్ టిక్కు తీసేసి, ఆ ఫోల్డర్ సెక్యూరిటీలో యూజర్స్‌కి మోడిఫై అనుమతి ఇవ్వండి.

అయినా నా ఓటు వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) పాత విండోస్ ఎక్స్‌పీకే. 1 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్కు చాలు. డిస్కు కంట్రోలర్ ఐడీఈ పెట్టాలి. సాటా పెడితే ఎక్స్‌పీ సీడీలో దానికి డ్రైవర్ ఉండదు, సెటప్ ముందుకు సాగదు. నెట్‌వర్క్ అడాప్టర్ పూర్తిగా తీసేయండి. 2014 ఏప్రిల్ నుంచి ప్యాచ్‌లు లేని సిస్టమ్‌కి ఇంటర్నెట్ ఇవ్వకూడదు. వర్చువల్‌బాక్స్ కిటికీ కింద పచ్చ తాబేలు బొమ్మ కనబడితే విండోస్ సొంత వర్చువల్ మెషిన్ సదుపాయం హైపర్‌వీ అడ్డుగా ఉన్నట్టు, అప్పుడు నత్తనడకే.

ప్రింటుకి పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలు (ప్రింటర్‌కి పంపే పేజీ వివరాల ఫైలు) తీసి షేర్డ్ ఫోల్డర్‌లో పడేయండి, బయట అసలు విండోస్‌లో గోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రామ్‌తో పీడీఎఫ్ చేసుకోండి. పాత పుస్తకం తెరిచేముందు డాక్యుమెంట్ సెటప్‌లో కంపోజ్ టు ప్రింటర్ చూసుకోండి. ప్రింటర్ మారితే లైన్లు జరిగి, సూచికలో పేజీ నంబర్లు తప్పుతాయి.

లిపికారుడు:
ఇద్దరూ పని నడిచే దారి చెప్పారు, ఒప్పుకుంటాను. కానీ ఆ పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేసి చూడండి, ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి వస్తుంది, ఎందుకంటే అను ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లకే తెలుగు ఆకారాలు తొడుగుతాయి. పుస్తకంలో ఒక్క ఊరి పేరు వెతకలేం. చూపులేనివాళ్లకి తెర మీది పాఠాన్ని పైకి చదివే స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు. 2004 తర్వాత పేజ్‌మేకర్‌కి కొత్త వెర్షన్ లేదు, యూనికోడ్ దానికి తెలియదు. దాని తర్వాత వచ్చిన పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో ఆ ఫైళ్లు నేరుగా తెరిచే చివరి వెర్షన్ సీఎస్6. ఆ తర్వాతి సీసీ వెర్షన్లు తెరవవు. ఏటేటా తలుపు మూసుకుపోతుంటే ఇంకా కొత్త పుస్తకాలు అందులోనే చేయడం నాకు బాధగా ఉంది.

కంపోజర్77:
అను పాఠాన్ని యూనికోడ్ చేసే కన్వర్టర్లతో మారిస్తే తప్పుల కుప్ప. 'అమ్మి' అన్నది 'అమి్మ' అయి కూర్చుంటుంది. 600 పేజీల ప్రూఫు ఎవరు చూస్తారు? ఇన్‌డిజైన్‌లో పోస్తే వత్తులు చెల్లాచెదురు.

లిపికారుడు:
'అమి్మ' ఎందుకొస్తుందంటే, పాత ఫాంట్లలో గుడితో కలిసిన 'మి' ఒకే ముక్క, దాని తర్వాత మ వత్తు కొడతాం. యూనికోడ్‌లో మ, పొల్లు, మ, ఆ తర్వాతే గుడి రావాలి. నాసిరకం కన్వర్టర్ ముక్కలు మారుస్తుంది, వరస మార్చదు. కాబట్టి మార్చాక ఒక్క వెతుకులాట చేయండి: గుణింతపు గుర్తు వెంటనే పొల్లు, హల్లు ఉన్న చోటల్లా తప్పే. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (అక్షరాల నమూనాని బట్టి వెతికి మార్చే సూత్రం) వాటిని ఒకేసారి ముందువెనుకలు చేయొచ్చు. క్రావడిని అక్షరానికి ముందు కొట్టే ఫాంట్లైతే 'ప్ర', 'క్ర' విడిగా చూసుకోవాలి. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో 'ట్' తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలను కలవనివ్వని, కంటికి కనబడని గుర్తు) లేకపోతే వకారం వత్తుగా కిందికి దిగుతుంది.

వత్తులు చెదరడం ఫాంటు తప్పు కాదు. ఇన్‌డిజైన్ పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. డబ్బు పెట్టలేనివాళ్లకి ఉచిత పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్ స్క్రైబస్‌లో 1.5.3 వెర్షన్ నుంచి తెలుగు కూర్పు సరిగ్గా వస్తుంది.

ఎక్స్‌పీ_డబ్బా:
పాత పుస్తకం మళ్లీ అచ్చుకైతే ఎక్స్‌పీలోనే తీయండి, మార్చొద్దు. కొత్త రాతప్రతి వస్తే యూనికోడ్‌లో మొదలుపెట్టండి. ఏ దారైనా, ఆ వర్చువల్ డిస్కు ఫైలుతోపాటు ఫాంట్లు, ఇన్‌స్టాలర్లు వేరే డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉంచండి. ఫాంటు పోతే పేజ్‌మేకర్ ఫైలు ఉన్నా చదవలేం.

కంపోజర్77:
కొత్తవాటికి సరే. యాపిల్ లేఅవుట్‌తోనే యూనికోడ్ కొట్టే కీబోర్డు చేతికి వచ్చేదాకా రోజువారీ కరపత్రాలు మాత్రం పేజ్‌మేకర్‌లోనే.